గగనమార్గమున దూరమెంత, కాలమెంత

కడపజిల్లాలో పులివెందులకు ఉత్తరపు దిక్కున, చీనితోటలును అరటితోటలును విరివిగా నున్న సీమలోని సింహాద్రిపురమునకు పోయి, అంగడివీధిలో ఎవరినైనను నిలిపి, కువైటు ఇక్కడికెంత దూరమని అడిగినచో, ఇన్ని కిలోమీటర్లని లెక్క చెప్పువారు అరుదు. “దూరందేముందబ్బా, పొద్దున బయల్దేరితే మర్నాటి పొద్దుకు ఆడుంటారు” అని కాలముతోనే కొలిచి చెప్పుదురు. ఈ కొలత మన పెద్దలనుండి వచ్చినదే. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలముల మీదుగా కాశికి పోయి, మరుసటి యేడు సెప్టెంబరులో ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, ఊరికిని ఊరికిని నడుమగల దూరములను తమ కాశీయాత్రచరిత్రలో శ్రద్ధతో వ్రాసికొన్నను, యాత్రను నడిపించినవి మజిలీలే. పొద్దెక్కడ గ్రుంకును, నీరెక్కడ దొరకును, ఏ యేరు దాటవీలుగా నున్నది అను విచారములే ఆనాటి బాటసారికి దూరమును నిర్ణయించెడివి. నేడు ఆకాశమున పోవువారి స్థితియు ఇంచుమించు ఇట్లే యున్నదనిన చదువరులు ఆశ్చర్యపడవచ్చును. రెండు విమానాశ్రయముల నడుమగల దూరము ఎన్నటికిని మారదు. దానిని దాటుటకు పట్టుకాలము మాత్రము గాలినిబట్టియు, ఋతువునుబట్టియు, రాజ్యముల మైత్రీవైరములనుబట్టియు, ఇంటినుండి విమానాశ్రయమునకుగల త్రోవనుబట్టియు మారుచునే యుండును.

మన సీమనుండి విదేశములకు పోవు త్రోవలు ముఖ్యముగా రెండు. మొదటిది ఒక తరమునకు మించి నలిగిన త్రోవ. రాయచోటి, రాజంపేట, పులివెందుల ప్రాంతముల స్త్రీపురుషులు ఇంటిపనికిని, వాహనములు నడపుటకును, కట్టడపు పనులకును కువైటునకు పోవు త్రోవ. రెండవది చదువులకును ఉద్యోగములకును అమెరికాకు పోవు యువకుల త్రోవ. మొదటిదానిలో ఆకాశమున దాటవలసినది, చెన్నైనుండియైనచో సుమారు 3,780, బెంగుళూరునుండి 3,540, హైదరాబాదునుండి 3,370 కిలోమీటర్లు. రెండవదానిలో దాటవలసినది దానికి దాదాపు నాలుగు రెట్లు.

ఈ అంకెలు ఎట్లు వచ్చినవో తెలియవలెనన్నచో, పాఠశాల గోడమీద వ్రేలాడు ప్రపంచపటమును కొంతసేపు మఱచిపోవలెను. ఆ పటముమీద బెంగుళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అడ్డుగా గీత గీచినచో, అది అరేబియాను, ఆఫ్రికా ఉత్తరభాగమును, అట్లాంటిక్ మహాసముద్రమును, అమెరికా ఖండమును వరుసగా దాటి పోవును. భూమి బల్లపరుపుగా నున్నచో అదియే సరియైన త్రోవ. కాని భూమి గుండ్రనిది. సింహాద్రిపురమువారికి ఇంటనే దొరకు వస్తువుతో చేయదగిన పరీక్ష యొకటి కలదు. గుండ్రని చీనికాయ నొకదానిని తీసికొని, తొడిమ యున్నచోటు ఉత్తరధ్రువమనుకొని, నడుమునకు కొంచెము పైగా ఒక గుండుసూదిని, కాయకు దాదాపు అవతలి ప్రక్కన మఱికొంత పైగా ఇంకొక గుండుసూదిని గ్రుచ్చి, రెంటికిని దారము కట్టి బిగించి లాగినచో, ఆ దారము నడుము చుట్టిరాక, తానై పైకి జాఱి, తొడిమకు సమీపమున నిలుచును. బిగించిన దారము పోవు త్రోవయే గోళముమీద అతిసమీపమార్గము.

బెంగుళూరునకు ఉత్తరముగా దేవనహళ్ళియొద్దనున్న కెంపెగౌడ విమానాశ్రయము 13 డిగ్రీల ఉత్తరాక్షాంశమున, 78 డిగ్రీలకు కొంచెము తక్కువగానున్న తూర్పురేఖాంశమున నున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయము 37½ డిగ్రీల ఉత్తరాక్షాంశమున, 122 డిగ్రీల చిల్లర పడమటి రేఖాంశమున నున్నది. గోళగణితముచేత ఈ రెంటి నడుమ దూరము ఇంచుమించు 13,990 కిలోమీటర్లు, అనగా భూమి చుట్టుకొలతయైన 40,000 కిలోమీటర్లలో మూడవవంతుకంటె అధికము. దారము పోవు త్రోవ యేదనగా, దేవనహళ్ళినుండి ఉత్తరమునకు కొంచెము తూర్పుగా మొగ్గి, హిమాలయములను, టిబెట్టును, మంగోలియాను, సైబీరియాను దాటి, 71వ అక్షాంశమువఱకు ఎక్కి, అక్కడనుండి అలాస్కా మీదుగా దిగి, కెనడా పడమటి తీరమునకు ఎడముగా సముద్రముమీద పోయి, కాలిఫోర్నియా చేరును. అమెరికా పడమటనున్నదని చెప్పుకొను మనకు, అక్కడికి పోవు దగ్గఱి దారి ఈశాన్యముగా మొదలగుట వింతగా తోచవచ్చును. చీనికాయమీది దారమును చూచినవారికి తోచదు.

అయితే విమానము ఆ దారము వెంటనే పోవునా యన్నచో, పోదు. విమానములోని గాలియొత్తిడి ఏ కారణముచేతనైనను తగ్గినయెడల, ప్రయాణికులకు ఊపిరాడునట్లు దానిని వెంటనే 10,000 అడుగుల యెత్తునకు దింపవలెను. టిబెట్టులో విశాలభాగము నేలయే 14,000 అడుగులకు పైబడి యున్నది. దిగుటకు చోటులేని దేశము మీద సామాన్యముగా ఏ విమానసంస్థయు దీర్ఘకాలము ఎగురదు. కావున అతిసమీపమార్గము పుస్తకములలోను పట్టికలలోను దూరము చెప్పుటకే. నిజమైన త్రోవ దినదినమును వేఱుగా గీయబడును.

2021వ సంవత్సరము జనవరి 9వ తేది రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, 11వ తేది తెల్లవాఱకమునుపే బెంగుళూరులో దిగిన ఎయిరిండియా విమానము ఇందుకు నిదర్శనము. రెండు నగరముల నడుమ ఎక్కడను ఆగక వచ్చిన మొదటి విమానమది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనవరె, కెప్టెన్ శివానీ మన్హాస్ అను నలుగురు స్త్రీలు దానిని నడిపిరి. 238 ఆసనములుగల బోయింగ్ 777 విమానమది. వారు తెచ్చిన త్రోవ టిబెట్టుమీదుగా కాదు, ఉత్తరధ్రువము మీదుగా. నలుగురు స్త్రీలు, వారిలో తెలుగింటి పేరుగల యొకరు, భూగోళపు కొననుండి తమ దేశమునకు విమానమును దించిరన్న మాట తలచినపుడెల్ల నాకు మనస్సు పొంగును. అదే నెల 15వ తేదిన హైదరాబాదు చికాగోల నడుమను మొదటిసారిగా ఆగని విమానము ఆరంభమయ్యెను. ఈ రెండవ మార్గపు దూరము దాదాపు 13,300 కిలోమీటర్లు. దీని దారము హైదరాబాదునుండి ఉత్తరమునకు కొంచెము పడమరగా పోయి, ఉరల్ పర్వతముల మీదుగా, స్వాల్బార్డు గ్రీన్‌లాండుల నడుమ 79వ అక్షాంశమును తాకి చికాగోకు దిగును. ఒక నగరమువారికి అమెరికా ఈశాన్యము, పొరుగు నగరమువారికి వాయవ్యము!

ఇక కాలము సంగతి. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో 14,000 కిలోమీటర్లు పోవుటకు పదునైదున్నర గంటలు పట్టవలెను. అయిదవ తరగతి బాలుడును ఈ భాగాహారము చేయగలడు. కాని 900 అనునది గాలిలో విమానవేగము. ఆ గాలి తానే ఎటో ఒకవైపు పోవుచున్నచో, నేలమీద లెక్కకు వచ్చు వేగము మారిపోవును. పది, పండ్రెండు కిలోమీటర్ల యెత్తున, సమశీతోష్ణమండలములలో, పడమటనుండి తూర్పునకు, సన్నని నదివలె సాగు మహావేగముగల గాలి యున్నదని 1920 ప్రాంతములలో వాసబురో ఓయిషి అను జపాను వాతావరణశాస్త్రజ్ఞుడు గాలిబుడగలను వదలి చూచి కనుగొనెను. తన శోధన లోకమంతకు తెలియవలెనను సద్భావముతో దానిని ఎస్పెరాంటో అను కృత్రిమభాషలో ప్రకటించెను, చదివినవారు లేకపోయిరి. రెండవ ప్రపంచయుద్ధములో జపానుమీద ఎత్తున ఎగిరిన అమెరికా విమానములు ఆ గాలిలో చిక్కి గుఱితప్పిన పిమ్మటగాని లోకము దాని బలమును గుర్తింపలేదు. చలికాలమున ఆ గాలి గంటకు 200 కిలోమీటర్లను మించుట సామాన్యము.

లెక్క వేసి చూతము. 14,000 కిలోమీటర్ల త్రోవలో గంటకు 150 కిలోమీటర్ల గాలి వెనుకనుండి తోసినచో, నేలవేగము 1,050 అగును. పదమూడు గంటల ఇరువది నిమిషములలో ప్రయాణము ముగియును. అదే గాలి ఎదురైనచో వేగము 750. పదునెనిమిది గంటల నలువది నిమిషములు పట్టును. ఒకే దూరము, ఒకే విమానము, భేదము అయిదు గంటలకు మించి! పోవునపుడు మిగిలినది వచ్చునపుడు ఖర్చగుటచేత మొత్తము సరిపోవునని తోచవచ్చును గాని, అదియు నిజము కాదు. గాలి లేనిచో రానుపోను ముప్పదియొక్క గంటల చిల్లర. గాలి యున్నచో ముప్పదిరెండు గంటలు. ఎదురుగాలిలో విమానము ఎక్కువసేపు ఉండును గనుక, గాలి చేయు మేలుకంటె కీడే ఎప్పుడును కొంత పైచేయిగా నుండును.

ఈ విద్య నెఱిగిన మార్గనిర్ణేతలు ఒక్కొక్కప్పుడు దూరమును పెంచి కాలమును తగ్గింతురు. ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిరిండియా విమానము మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు పోవుచుండెను. 2016 అక్టోబరులో దానిని తూర్పునకు త్రిప్పి, పసిఫిక్ మీదుగా, దాదాపు 15,300 కిలోమీటర్ల త్రోవను నడిపిరి. 1,400 కిలోమీటర్లు పెరిగినను, గాలి వెంటనుండుటచేత, ప్రయాణము పదునాలుగున్నర గంటలలో, అనగా పాతదానికంటె ఇంచుమించు రెండు గంటలు ముందుగా ముగిసెను. దూరపు పట్టికను మాత్రమే చూచి ప్రయాణకాలమును ఊహించువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

మన దక్షిణాపథము మీద మఱియొక విశేషము కలదు. నైఋతి ఋతుపవనముల కాలమున, జూను మొదలు సెప్టెంబరువఱకు, పదునాలుగు పదునైదు కిలోమీటర్ల యెత్తున, తూర్పునుండి పడమటికి వీచు ప్రబలమైన గాలిని భారత వాతావరణశాఖలో పనిచేసి దానికి అధిపతియైన పంచేటి కోటేశ్వరంగారు 1950ల కాలమున వెల్లడించిరి. నేలమీద మనకు పడమటిగాలి వీచి చినుకులు పడుచుండగా, మేఘములకు పైని తూర్పుగాలి ఆఫ్రికా దిక్కునకు పరుగిడుచుండును. విమానములు సామాన్యముగా దానికి క్రిందుగా ఎగురును గాని, దాని క్రింది అంచు తగిలి, ఆ నెలలలో చెన్నైనుండి పడమటికి పోవు విమానములకు మొదటి భాగమున కొంత తోడ్పడును. చలికాలమున మాత్రము అరేబియా మీద పడమటిగాలి బలముగా నుండుటచేత, కువైటునకు పోవునపుడు అయిదు గంటలు పట్టిన విమానము, వచ్చునపుడు అంతకంటె అరగంట ముందుగా దిగుట కలదు. ఇల్లు చేరుటకు గాలి సాయపడుచున్నదన్న మాట కువైటునుండి వచ్చువారికి ప్రీతికరముగా నుండును.

ఇక్కడ తఱచుగా వినవచ్చు సందేహమొకటి తీర్పవలెను. భూమి తూర్పునకు తిరుగుచున్నది కదా. విమానము పైకి లేచి కదలక నిలిచినచో, గమ్యమే తిరిగివచ్చి కాళ్ళక్రింద నిలువదా? మన అక్షాంశమున భూమి గంటకు 1,600 కిలోమీటర్లకు మించిన వేగముతో తిరుగుచున్నమాట నిజమే. కాని నేలతోపాటు దానిని అంటియున్న గాలియు, గాలిలోని విమానమును, పక్షులును, మేఘములును ఆ వేగముతోనే తిరుగుచున్నవి. లేచిన విమానము భూమి వేగమును విడిచిపెట్టి లేవదు. కావున తిరుగుడువలన తూర్పునకు పోవువారికి నష్టమును, పడమటికి పోవువారికి లాభమును నేరుగా లేవు, ఉన్నదంతయు గాలివలననే. ఆ గాలులు ఆ విధముగా మలగుటకు మాత్రము భూభ్రమణమే కారణము.

విమానములో ముందుసీటు వీపునకు అమర్చిన చిన్న తెరమీద ఇదంతయు కంటికి కనబడును. కిటికీలో చూచుటకు ఏమియు లేని రాత్రివేళ, సినిమాలను మాని ఆ పటమును తెఱచినవారికి నాలుగు అంకెలు వంతులవారీగా కనిపించును: ఎత్తు 35,000 అడుగులు, వెలుపలి చలి సున్నకు దిగువ 55 డిగ్రీలు, నేలవేగము, గమ్యమునకు మిగిలిన దూరము. మూడవ అంకెనే కనిపెట్టి యుండవలెను. 870 ఉన్నది కొంతసేపటికి 930 అగును, 1,040 అగును. ఇంజను శబ్దములో మార్పేమియు ఉండదు. విమానము గాలినదిలో ప్రవేశించినదన్నమాట. అప్పుడు గమ్యము చేరు వేళ అను గడి తనంతట తానే పదినిమిషములు వెనుకకు జరుగును. రెండవ అంకెయు ఉపేక్షింపదగినది కాదు. అంతర్జాతీయ విమానములలో సామాన్యముగా వాడు ఇంధనము సున్నకు దిగువ 47 డిగ్రీల చలికి గడ్డకట్టు స్వభావము గలది; ధ్రువము మీదుగా పోవునపుడు రెక్కలలోని ఇంధనపు చలిని పైలట్లు కనిపెట్టి, అవసరమైనచో ఎత్తును తగ్గింతురు, లేదా వేగమును పెంతురు.

రెండే ఇంజనులుగల విమానము, ఒకటి ఆగినను, నిర్ణీతకాలములో ఏదో యొక విమానాశ్రయమున దిగగలిగి యుండవలెనన్న నియమమును త్రోవను వంచును. 2023 జూను 6న ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిరిండియా విమానము ఇంజనులో దోషము కనబడుటచేత రష్యా తూర్పుకొననున్న మగదానులో దిగెను. 216 మంది ప్రయాణికులు, మన భాష తెలియని ఆ చలి ఊరిలో ఆగి, ఇంకొక విమానము వచ్చి తీసికొనిపోవువఱకు వేచియుండవలసి వచ్చెను. అట్టి ఊరొకటి త్రోవలో నుండుటయే అదృష్టమని వారి బంధువులు భావించి యుందురు.

గాలికంటె దుర్నిరీక్ష్యమైనది రాజ్యముల కోపము. ఆకాశమునకు ఎల్లలు కంటికి కనబడవు గాని, నేలమీది ప్రతియెల్లయు పైకి లేచి నిలిచియున్నది. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి పిమ్మట పాకిస్థాను తన గగనమును మూసి జూలైవఱకు పూర్తిగా తెఱవలేదు. 2025 ఏప్రిలులో పహల్గాము ఘాతుకము పిమ్మట భారతీయ విమానములకు మరల మూసెను. ఢిల్లీనుండి ఐరోపాకును అమెరికాకును పోవు విమానములు దక్షిణముగా చుట్టు తిరిగి, గంటలకొలది ఎక్కువ ఎగురవలసివచ్చెను. 2025 జూను 23 రాత్రి ఇరాను కతారులోని అమెరికా స్థావరముమీద క్షిపణులు విడిచినపుడు, కువైటును తన గగనమును కొన్ని గంటలు మూసెను. ఆ రాత్రి మన జిల్లాలో ఎన్ని యిండ్లలో ఫోనులు మ్రోగినవో!

దీనికి మించిన దృష్టాంతము 1990వ సంవత్సరమునది. ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించిన పిమ్మట అక్కడి విమానాశ్రయము మూతపడెను. బొంబాయికి నాలుగు గంటలలో రాదగిన మనవారు, బస్సులలోను లారీలలోను ఎడారిని దాటి బాగ్దాదుకు, అక్కడనుండి జోర్డాను దేశపు రాజధానియైన అమ్మానునకు, వేయి కిలోమీటర్లకు మించిన దూరము, వచ్చుచున్న దిక్కునకు వ్యతిరేకముగా పోయి, డేరాలలో దినములకొలది వేచి, విమానమెక్కిరి. ఎయిరిండియా 59 దినములలో 488 విమానములు నడిపి, లక్షకు పైగా భారతీయులను దేశమునకు చేర్చెను. కడపజిల్లావారు వారిలో ఉండిరి. పటములో కువైటు ఆ యేడును కదలలేదు; ప్రయాణము మాత్రము గంటలనుండి వారములకు పెరిగెను.

గడియారముల భేదము ఇంటిలోనివారిని మిక్కిలి తికమక పెట్టునది. టిక్కెట్టుమీద బయలుదేరు వేళ బయలుదేరు ఊరి గడియారమునుబట్టియు, చేరు వేళ చేరు ఊరి గడియారమునుబట్టియు వేయబడును. ఒకదానినుండి ఒకటి తీసివేసి ప్రయాణకాలమనుకొనుట పొరపాటు. బెంగుళూరులో మధ్యాహ్నము రెండున్నరకు లేచి, పదునాఱు గంటలు ఎగిరిన విమానము, చలికాలమున శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేది సాయంకాలము అయిదింటికి దిగును. టిక్కెట్టు చూచినవారు రెండున్నర గంటల ప్రయాణమనుకొందురు. మన పంచాంగకర్తలకు ఇది కొత్త విషయము కాదు. దినమునకు అఱువది గడియలు, భూచక్రమునకు 360 భాగలు. కావున ఆఱు భాగల రేఖాంశమునకు ఒక గడియ దేశాంతరము. బెంగుళూరునుండి పడమరగా శాన్‌ఫ్రాన్సిస్కోకు 200 భాగలు, అనగా ముప్పదిమూడు గడియల ఇరువది విఘడియలు. గంటలలో పదమూడుంబావు దాటి అయిదు నిమిషములు. ప్రభుత్వములు నిర్ణయించిన గడియారభేదము చలికాలమున పదమూడున్నర గంటలు. అక్కడివారు మార్చినుండి నవంబరువఱకు గడియారమును ముందుకు జరుపుదురు గనుక వేసవిలో పండ్రెండున్నర. కువైటునకును మనకును భేదము ఏడాది పొడవున రెండున్నర గంటలే. తిథి లోకమంతటికి ఒకే క్షణమున మారినను, సూర్యోదయము వేఱువేఱు వేళల నగుటచేత, అమెరికాలోని తెలుగువారు కొన్ని పండుగలను మనకంటె ఒకదినము ముందు చేసికొనుట ఈ కారణముచేతనే. వారు ఆచారము తప్పినారని ఇక్కడి పెద్దలు నొచ్చుకొన పనిలేదు.

ఇంతవఱకు చెప్పినదంతయు ఆకాశపు లెక్క. సింహాద్రిపురమునుండి కువైటునకు పోవు మనిషికి ఆకాశము చిన్నభాగము. పదవతరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు పనికి పోవుటకు 1983 నాటి వలసచట్టము ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. అందుకు పట్టుకాలమును ఏ టిక్కెట్టును చూపదు. బయలుదేరునాటి ముందురాత్రి నట్టింట అట్టపెట్టె తెఱచియుండును. చింతపండు, కారము, ఊరగాయ, మందులు, ఎవరో ఇచ్చిన చిన్న మూట. తూకపు కొక్కెమునకు తగిలించి ఎత్తి చూతురు. 30 కిలోలు దాటినచో ఊరగాయ డబ్బా బయటికి వచ్చును, తల్లి దానిని మరల లోపల పెట్టును, మఱియొకటి తీయుదురు. పెట్టెకు ప్లాస్టిక్ త్రాడు నాలుగు పేటలు బిగించి, పేరును, ఊరిని, ఫోను సంఖ్యను నల్లసిరాతో పెద్ద అక్షరములుగా వ్రాయుదురు.

చెన్నై విమానాశ్రయమునకు కడప, రాజంపేట, రేణిగుంటల మీదుగా మూడువందల కిలోమీటర్లకు మించిన త్రోవ. బస్సులో ఏడెనిమిది గంటలు. అంతర్జాతీయ విమానమునకు మూడు గంటలు ముందుగా చేరవలెను. ఆకాశమున అయిదు గంటలు. దిగినపిమ్మట పత్రముల పరీక్షకును సామానునకును గంటపైన. మొత్తము పదునేడు గంటలనుకొన్నచో, దూరములో పదింట తొమ్మిదివంతులు విమానము మూడవవంతు కాలములోపలనే దాటించుచున్నది. మిగిలిన ఒక్కవంతు దూరమును, వరుసలలో నిలుచుటయు తక్కిన కాలమునంతను మ్రింగుచున్నవి. దేవనహళ్ళి త్రోవ ఇంతకంటె మేలు. పులివెందుల, కదిరి, గోరంట్ల, కొడికొండ దాటి హైదరాబాదు రహదారి నెక్కినచో, బాగేపల్లి, చిక్కబళ్ళాపురముల మీదుగా, బెంగుళూరు నగరములోనికి పోనక్కఱలేకయే విమానాశ్రయము తగులును. అయిదు గంటల లోపలి త్రోవ. అయినను టిక్కెట్టు ధరయు, పంపువారి ఏర్పాట్లును అనుకూలింపక చెన్నైకో హైదరాబాదుకో పోవువారు అనేకులు.

2015 జూను 7న కడప విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు ఆరంభమైనవి. అక్కడినుండి ఎగురునవి దేశములోని నగరములకు పోవు చిన్న విమానములు. కువైటు పనివాని 30 కిలోల పెట్టెకును, అతని జేబునకును అవి యింకను దగ్గఱ కాలేదు. కడపనుండి నేరుగా గల్ఫునకు విమానము రావలెనని కోరుట న్యాయమే. వచ్చు దినమునకై ఎదురుచూచుటయు న్యాయమే. కాని లెక్క చెప్పునది మఱియొకటి. విమానవేగము నూటికి పదివంతులు పెరిగినను కువైటు ప్రయాణమున మిగులునది అరగంట. పులివెందులనుండి దేవనహళ్ళి విమానాశ్రయపు వాకిలివఱకు, కువైటు విమానముల వేళలు చూచి కుదిర్చిన బస్సు, సామానునకు చోటుండునట్లు, సాయంకాల మొకటియు రాత్రి రెండవ జామున నొకటియు తప్పక నడచినచో, చెన్నై త్రోవ పట్టువారికి ఒక్కొక్క ప్రయాణమున మూడు గంటలు మిగులును; అంత కాలమును మిగుల్పగల విమానము నేడు ఏ దేశపు కర్మాగారములోను తయారగుట లేదు.